పారిస్ బజారు వీధిలో సాన్-రోక్ దేవాలయం: గుమ్మం నుంచి చివరి గోడ దాకా చూడటం ఎలా

పారిస్‌లో సాంతొనొరే వీధి అనగానే బట్టలు, చేతిసంచులు, అత్తరు అంగళ్లు గుర్తొస్తాయి. ఆ అంగళ్ల వరసలోనే, 284వ నంబరు దగ్గర, ఎత్తయిన మెట్లు, వాటిపైన రెండంతస్తుల స్తంభాల ముఖభాగం కనిపిస్తాయి. అదే సాన్-రోక్. రాసేటప్పుడు చివర ‘ష్’ అనో ‘చ్’ అనో ధ్వనించే అక్షరాలు ఉన్నా పలికేది ‘రోక్’ అనే. దారి అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, లేకపోతే ఎదుటివారికి అర్థం కాదు.

ఇది బరోక్ కాలపు (17, 18 శతాబ్దాల్లో యూరప్‌లో నడిచిన ఆడంబరమైన శైలి) విచారణ దేవాలయం, అంటే ఒక పేటలోని క్రైస్తవులందరికీ చెందిన గుడి. కొనుగోళ్లకు వచ్చినవాళ్లు చాలామంది లోపలికి తొంగిచూసి, ప్రధాన బలిపీఠం దాకా నడిచి, ‘ఇంతే కదా’ అనుకుని వెనక్కి తిరుగుతారు. అసలు చూడాల్సింది ఆ బలిపీఠం వెనకనే మొదలవుతుంది. గుడి పొడవు 126 మీటర్లు, అంటే దాదాపు నోత్ర్‌దామ్ అంత. ఆ పొడవు ఊరికే వచ్చింది కాదు. ఒక గది వెనక ఒక గది, దాని వెనక మరొకటి చొప్పున, తెర తీసిన కొద్దీ లోతు కనిపించేలా కట్టారు. అందుకే ఈ గుడిని నిలబడి చూస్తే సరిపోదు, నడిచి చూడాలి. ఇక్కడ ఇచ్చిన దారిలో నడిస్తే గంటన్నర పడుతుంది. నలభై నిమిషాలే ఉంటే ఏది వదలాలో కూడా చెప్పాం.

వెళ్లే ముందు

టికెట్ లేదు, ముందస్తు బుకింగ్ లేదు. ఫ్రాన్స్‌లో 1905 నాటి చట్టం ప్రకారం ఇలాంటి పాత దేవాలయాల భవనాలు ఊరి పురపాలక సంస్థ ఆస్తి. పూజలు జరుపుకునే హక్కు క్రైస్తవ సమాజానిది. సందర్శనకు రుసుము వసూలు చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి మెట్ల మీద ఎవరైనా ‘ప్రవేశానికి’ డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు.

రోజు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. పారిస్‌లో మంగళవారం ఏం చేయాలో తోచనివాళ్లకు ఈ గుడి చక్కగా సరిపోతుంది, మ్యూజియం నుంచి పది నిమిషాల నడక దూరం. రెండు, శనివారం మధ్యాహ్నాలు పెళ్లిళ్లకు అనుకూలమైన సమయం. పెళ్లి జరుగుతుంటే మధ్యభాగం మీకు అందుబాటులో ఉండదు. మూడు, జులై, ఆగస్టు నెలల్లో పారిస్ వాళ్లు సెలవులకు వెళ్లిపోతారు. అప్పుడు పూజల వేళలు, గుడి తెరిచే వేళలు మారుతుంటాయి. ఏ కాలమైనా ముందు రోజు విచారణ వెబ్‌సైట్‌లో గానీ గుమ్మం పక్కనున్న ప్రకటన బల్ల మీద గానీ వేళలు సరిచూసుకోండి. ఎక్కడో పాత యాత్రా పుస్తకంలో ఉన్న వేళలను నమ్ముకోవద్దు.

ఏ పూట వెళ్లాలంటే, పనిరోజుల్లో ఉదయం పదింటి ప్రాంతం మంచిది. ఇక్కడొక మెలిక ఉంది. సాధారణంగా చర్చి బలిపీఠం తూర్పు వైపు ఉంటుంది. ఇక్కడ గుట్ట అడ్డొచ్చినందువల్ల గుడిని ఉత్తర దక్షిణాలుగా కట్టారు. గుమ్మం దక్షిణాన, బలిపీఠం ఉత్తరాన. ఆ లెక్కన పొద్దుటి వెలుగు మీ కుడివైపు నుంచి, సాయంత్రపు వెలుగు ఎడమవైపు నుంచి పడుతుంది. శీతాకాలంలో నాలుగు దాటితే పక్క ఉపాలయాల్లో ఏమీ కనిపించదు. డిసెంబరు, జనవరిల్లో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం మూడు లోపలే ముగించుకోవాలి.

వెంట ఉంచుకోవాల్సినవి ఇవి: చిన్న బైనాక్యులర్లు (8 రెట్లు చూపించేవి చాలు, గుమ్మటంలోని బొమ్మలు చాలా ఎత్తులో ఉంటాయి), కొవ్వొత్తికీ కానుకకూ ఐదు యూరోల చిల్లర, ఒక శాలువా. రాతి కట్టడం కాబట్టి మే నెలలో కూడా లోపల చల్లగానే ఉంటుంది. పెద్ద సూట్‌కేసులతో రావద్దు. గుడిలో సామాను భద్రపరిచే చోటు ఉండదు, భద్రతా కారణాల వల్ల అడ్డుకోవచ్చు కూడా. అంగళ్లలో కొన్న సంచులుంటే రెండో మూడో మించకుండా చూసుకోండి. కుర్చీ మీద సంచి పెట్టి చిత్రం చూడ్డానికి నాలుగడుగులు వేస్తే చాలు, దొంగకు సందు దొరుకుతుంది.

చేరుకునే దారి

మెట్రోలో పిరమీద్ స్టేషన్ (7, 14 లైన్లు) దగ్గర. త్విలరీ స్టేషన్ (1వ లైన్) కూడా అంతే దగ్గర. రెండింటి నుంచీ నడక ఐదు నిమిషాల లోపే.

ఓర్లీ విమానాశ్రయంలో దిగేవాళ్లకు 2024 నుంచి 14వ లైన్ నేరుగా ఉంది, రైలు మారకుండా పిరమీద్‌లో దిగొచ్చు. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచైతే ఆర్‌ఈఆర్ బి రైల్లో షాత్లే-లె-ఆల్ దాకా వచ్చి, అక్కడ 14వ లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే పిరమీద్. రెండు విమానాశ్రయాలకూ విడిగా విమానాశ్రయ టికెట్ కొనాలి. మామూలు మెట్రో టికెట్‌తో ఎక్కితే తనిఖీలో జరిమానా పడుతుంది. మనవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే. 1వ లైన్‌లో పర్యాటకులు కిక్కిరిసి ఉంటారు కాబట్టి ఫోను ప్యాంటు వెనక జేబులో పెట్టుకోకండి.

గుమ్మం ముందు చాలా మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నెమ్మదిగా, పక్కనుంచి పట్టుకుని ఎక్కాలి. చక్రాల కుర్చీ వాడేవాళ్లు ముందే విచారణ కార్యాలయానికి రాసి, ఏ తలుపు తెరుస్తారో అడిగి తెలుసుకుని వెళ్లడం మేలు.

మొదటి అడుగు: లోపలికి వెళ్లకముందే బయట పది నిమిషాలు

మెట్ల దగ్గరే నిలబడి తల పైకెత్తితే ముఖభాగం సగమే కనిపిస్తుంది, వీధి అంత ఇరుకు. వీధి దాటి, రివోలీ వీధి వైపు దిగే సాన్-రోక్ వీధిలోకి ఇరవై ముప్పై అడుగులు వెళ్లి వెనక్కి తిరగండి. ఇప్పుడు కట్టడం మొత్తం కళ్లలో పడుతుంది. కింది అంతస్తులో బొద్దుగా, అలంకారం తక్కువగా ఉన్నవి డోరిక్ స్తంభాలు. పైన ఆకుల గుత్తుల్లాంటి తలకట్టు ఉన్నవి కొరింథియన్. కింద బరువు, పైన సొగసు. ఈ వరస అప్పటి రోమ్ నగరపు గుళ్ల నుంచి వచ్చింది. ముఖభాగం నమూనా రోబేర్ ద కోత్‌ది. ఆయన 1735లో చనిపోయాడు, కొడుకు ఆ నమూనాతోనే 1736 నుంచి 1738 వరకు పని పూర్తిచేశాడు. రెండువైపులా గోపురాలు లేవేమిటని చూడకండి. ఇది గోపురాల గుడి కాదు.

మీరు నిలబడ్డ చోటుకు ఇంకో చరిత్ర ఉంది. 1795 అక్టోబరు 5న రాచరికం తిరిగి రావాలని తిరగబడ్డవాళ్లు ఈ మెట్ల మీద, గుమ్మం ముందు మోహరించారు. ఎదురుగా ఉన్న సందు నుంచి ఫిరంగులు పేల్పించింది ఇరవై ఆరేళ్ల నెపోలియన్ బోనపార్త్. అతని పేరు పారిస్‌లో మోగింది ఆ రోజే. రాతిలో ప్రతి గుంటనూ ఫిరంగి దెబ్బ అనుకుని వేలు పెట్టి చూపించే వాళ్లుంటారు. వానకు, పొగకు, కాలానికి కూడా రాయి అలాగే చితుకుతుంది కాబట్టి వాటిని వెతుకుతూ సమయం వృథా చేసుకోవద్దు.

రెండో అడుగు: మర్యాదలు తెలుసుకుని లోపలికి

చెప్పులు విప్పక్కర్లేదు. మనకది ఇబ్బందిగా తోస్తుంది గానీ ఇక్కడ అదే పద్ధతి. మగవాళ్లు టోపీ తీయాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకునే బట్టలు వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు, చీర, చుడీదార్ హాయిగా సరిపోతాయి. గుమ్మం దగ్గర రాతి పాత్రలో ఉండేది తీర్థజలం, కతోలికులు వేళ్లు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. అందులో చేతులు కడుక్కోవడం గానీ పిల్లల్ని ఆడనివ్వడం గానీ చేయకండి. ఫోను సైలెంట్‌లో పెట్టండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, పూజ జరుగుతున్నప్పుడు మాత్రం వద్దు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) జరిగే చోటును, మోకాళ్ల మీద ఉన్నవాళ్లను ఎప్పుడూ తీయకూడదు.

పనిరోజుల్లో మధ్యాహ్నం, సాయంత్రం పూజలు ఉంటాయి. చుట్టుపక్కల అంగళ్లలో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు భోజన విరామంలో వచ్చి కూర్చుంటారు. మీరు తిరుగుతున్నప్పుడు గంట మోగి పూజ మొదలైతే రెండే దారులు: వెనక వరసలో కూర్చుని చివరిదాకా ఉండటం, లేదా నిశ్శబ్దంగా బయటికి వెళ్లి అరగంట తర్వాత రావడం. పక్క నడవల్లో తిరుగుతూ ఉండటం మాత్రం తగదు. తెలుగు కతోలికులకు ఫ్రెంచి రాకపోయినా పూజ క్రమం తెలిసిందే, ఎక్కడ లేవాలో ఎక్కడ మోకరించాలో చూస్తూ వెళ్లిపోవచ్చు. కతోలికులు కానివారు సత్ప్రసాదం (పూజలో గురువు పంచే రొట్టె) స్వీకరించడానికి వరసలో నిలబడకూడదు. అందరూ లేచి వెళ్తున్నప్పుడు మీ కుర్చీలో కూర్చుని ఉంటే ఎవరూ తప్పుపట్టరు.

మూడో అడుగు: వెనక వరస నుంచి లోతు చూడటం

లోపలికి రాగానే ముందుకు నడవకండి. మధ్య దారిలో, ఆఖరి కుర్చీల వెనక నిలబడి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి. తర్వాత చూపును ముందు వరస ఆర్చి నుంచి ఒక్కో ఆర్చి దాటిస్తూ వెళ్లండి. ప్రధాన బలిపీఠం వెనక కూడా వెలుగు కనిపిస్తోందా? ఆ వెలుగే మీరు చివరికి చేరాల్సిన చోటు.

ఇంత పొడవు ఎందుకు వచ్చిందంటే, గుడి ఒకేసారి కట్టింది కాదు. 1653 మార్చిలో పద్నాలుగేళ్ల ఫ్రాన్స్ రాజు 14వ లూయీ, తల్లి ఆన్ దొత్రీష్‌తో వచ్చి శంకుస్థాపన చేశాడు. నమూనా జాక్ లమెర్సియేది. మరుసటి ఏడే ఆయన పోయాడు, 1660 నాటికి డబ్బు అయిపోయి పని ఆగింది. దశాబ్దాల పాటు సగం కట్టిన గుడిలోనే పూజలు సాగాయి. 1705లో రాజు అనుమతితో లాటరీ పెట్టి నిధులు పోగుచేశారు. 1706 నుంచి 1710 మధ్య జ్యూల్ ఆర్దువాన్-మాన్సార్ నమూనా ప్రకారం వెనక మరియమాత ఉపాలయం లేచింది. 1719లో బ్యాంకరు జాన్ లా కతోలిక మతంలోకి మారి లక్ష లీవ్ర్‌లు ఇచ్చాడు. అతని కాగితపు సొమ్ము మరుసటి ఏడే కుప్పకూలింది గానీ ఆ కానుకతో గుడికి పైకప్పు పని ముందుకు సాగింది. అంటే మధ్యభాగం పైకప్పు కంటే ముందే వెనక ఉపాలయం తయారైంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే, వెనకది తర్వాత అతికించినట్టు కాకుండా మొత్తం గుడే దాని వైపు ఎదురుచూస్తున్నట్టు ఎందుకుందో అర్థమవుతుంది.

కదలబోయే ముందు ఒకసారి వెనక్కి తిరిగి గుమ్మం పైన ఆర్గన్ చూడండి. 18వ శతాబ్దంలో దీన్ని వాయించిన క్లోద్ బాల్బాస్త్ర్ క్రిస్మస్ పాటలకు జనం విరగబడి వచ్చేవారు. ఆ రద్దీ మరీ ఎక్కువై, అర్ధరాత్రి పూజకు ఆయన వాయించకూడదని ఆర్చ్‌బిషప్ నిషేధించారు. వాద్యాన్ని 19వ శతాబ్దంలో కవయే-కోల్ తిరిగి కట్టాడు. దీన్ని వినే అవకాశం దొరికితే వదులుకోవద్దు. కచేరీ ప్రకటనలో ‘లీబ్ర్ పార్తిసిపాసియోఁ’ అని ఉంటే ప్రవేశం ఉచితం, చివర బుట్టలో మీ శక్తికొద్దీ వేయాలని అర్థం. ఏమీ వేయక్కర్లేదని కాదు.

నాలుగో అడుగు: పక్క నడవలో ముందుకు

ఇప్పుడు ఎడమ నడవ పట్టుకోండి. పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. మన గుడి ప్రదక్షిణకు వచ్చే దిశే ఇది కాబట్టి కాళ్లకు అలవాటుగానే ఉంటుంది.

గుమ్మానికి దగ్గర్లో జ్ఞానస్నాన ఉపాలయం ఉంది. చాలామంది ఆగకుండా దాటేస్తారు. మనం మాత్రం తప్పకుండా ఆగాలి. గోడల మీద 1850లలో తియొదోర్ షసేరియో వేసిన రెండు చిత్రాలున్నాయి. ఒకదానిలో పునీత (సెయింట్) ఫిలిప్పు ఇథియోపియా రాణి కొలువులోని అధికారికి జ్ఞానస్నానమిస్తున్నాడు. రెండోదానిలో పునీత ఫ్రాన్సిస్ శౌరి (జేవియర్) భారతీయులకు, జపానువారికి జ్ఞానస్నానమిస్తున్నాడు. గోవాలో బాం జీసస్ బసిలికాలో భౌతికకాయం ఉన్న ఆ శౌరే ఈయన. భారతదేశం చూడని పారిస్ చిత్రకారుడు మనవాళ్ల ఒంటి రంగును, తలపాగాలను, నిలబడే తీరును ఎలా ఊహించుకున్నాడో దగ్గరగా చూడండి. పొద్దుటి పూట ఈ వైపు గోడలు నీడలో ఉంటాయి. కళ్లు సర్దుకోవడానికి ఒక నిమిషం ఇవ్వండి, ఫోను దీపం వెలిగించి గోడ మీద వేయకండి. అక్కడే జాన్-బతీస్త్ లమ్వాన్ 1731లో చెక్కిన క్రీస్తు జ్ఞానస్నానపు పాలరాతి విగ్రహాలు కూడా ఉన్నాయి.

నడవ మధ్యకొచ్చేసరికి ప్రసంగ వేదిక కనిపిస్తుంది. 1750లలో సిమోఁ షాల్ చేసినది. దాని పైకప్పునే చూడండి. అది కప్పులా కాక, ఎగురుతున్న పెద్ద తెరలా ఉంటుంది. సత్యదూత పొరపాటు అనే ముసుగును పైకి లాగుతున్నట్టు చెక్కారు. కింద నిలబడి ఉపదేశించే గురువు మాటకు అది బొమ్మరూపం. బరోక్ అంటే ఏమిటని అడిగితే చెప్పే జవాబు కంటే ఈ ఒక్క తెరే ఎక్కువ చెబుతుంది.

ఆ తర్వాత గుడి అడ్డంగా విస్తరించే చోట, ఎదురెదురుగా రెండు పెద్ద చిత్రాలు, ఒక్కొక్కటి ఆరు మీటర్లకు పైనే ఎత్తు. రెండూ 1767లో పారిస్‌లో జరిగిన సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో పక్కపక్కన పోటీపడ్డాయి. వియాన్ గీసిన పునీత దెని ఉపదేశం ప్రశాంతంగా, శిల్పంలా ఉంటుంది. ద్వాయాన్ గీసిన ‘మండే జబ్బు’ చిత్రంలో కింద రోగులు మెలికలు తిరుగుతుంటే పైన పునీత జెన్‌వియేవ్ వేడుకుంటోంది. ఆ జబ్బు బూజు పట్టిన రై ధాన్యంతో చేసిన రొట్టె తినడం వల్ల వచ్చేది. ఒళ్లంతా మంటలు, చేతులు కాళ్లు కుళ్లిపోవడం దాని లక్షణాలు. మన రైతులకు తెలిసిన సజ్జలోని తేనెబంక తెగులు కూడా అదే జాతి శిలీంధ్రం వల్ల వస్తుంది. ఈ చిత్రాలను ఎదురుగా నిలబడి చూస్తే వార్నిష్ మెరిసి నల్లటి అద్దంలా కనిపిస్తాయి. పక్కకు మూడు నాలుగడుగులు జరిగి ఏటవాలుగా చూడండి, మెరుపు పోయి బొమ్మ తేలుతుంది. ఆ ఏడాది ప్రదర్శన మీద సమీక్ష రాసి ఈ రెంటినీ తూచినవాడు తత్వవేత్త, రచయిత దెనీ దిదెరో. ఆయనను 1784లో పాతిపెట్టింది ఈ గుడిలోనే.

ఐదో అడుగు: బలిపీఠం వెనక, అసలైన చోటు

ఇక్కడే సందర్శకులు వెనక్కి తిరుగుతారు. మీరు ప్రధాన బలిపీఠాన్ని చుట్టి వెళ్లే నడవలోకి రండి. తాడు కట్టి ఉంటే దాటకండి, అది పూజకో ప్రార్థనకో కట్టినది. కాసేపాగితే తీస్తారు.

మరియమాత ఉపాలయం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పైన గుమ్మటం. గుమ్మటం లోపల మరియమాత పరలోకానికి ఎత్తబడటాన్ని జాన్-బతీస్త్ మరీ పియేర్ చిత్రించాడు, 1756లో పూర్తయింది. బైనాక్యులర్లు వాడాల్సింది ఇప్పుడే. కుర్చీలో వెనక్కి వాలి, అంచు దగ్గరి బొమ్మలతో మొదలుపెట్టి మెల్లగా నడిమికి రండి. కింద గుంపులు చిక్కగా, రంగులు ముదురుగా ఉంటాయి. పైకి పోయేకొద్దీ పలచబడి వెలుగులో కలిసిపోతాయి. ఒకేసారి నడిమి వైపు చూస్తే ఆ పైకెక్కుతున్న అనుభవం పోతుంది.

బలిపీఠం మీదున్న పాలరాతి శిశుయేసు జననం మిషెల్ ఆంగియేది, 17వ శతాబ్దపు పని. ఇది మొదట ఈ గుడిది కాదు. పారిస్‌లోనే ఉన్న వాల్-ద-గ్రాస్ దేవాలయం నుంచి ఫ్రెంచి విప్లవం తర్వాత ఇక్కడికి చేరింది. అక్కడ ఇప్పుడున్నది నకలు. అంతకుముందు ఈ స్థానంలో ఫాల్కొనే చెక్కిన మంగళవార్త (యేసు పుడతాడని మరియకు దేవదూత చెప్పడం) విగ్రహాలుండేవి, విప్లవంలో పోయాయి. విగ్రహాల పైన మేఘాలు, కిరణాలు, దేవదూతలు ఉప్పొంగుతున్న ‘మహిమ’ మాత్రం ఫాల్కొనేదే, నిలిచింది.

ఇదంతా 1750లలో ఇక్కడి విచారణ గురువు జాన్-బతీస్త్ మార్దుయెల్ ఆలోచన. మరియమాత ఉపాలయం వెనక సత్ప్రసాద ఉపాలయం, దాని వెనక కల్వరి (క్రీస్తును సిలువ వేసిన కొండ) ఉపాలయం ఒకే గీత మీద వచ్చేలా చేయించాడు. కల్వరిని వాస్తుశిల్పి బులే, శిల్పి ఫాల్కొనే కలిసి రూపొందించారు. ముందు గది కంటే వెనక గది చీకటి, ఆ చీకటిలో ఎక్కడినుంచి వస్తోందో తెలియని వెలుగు సిలువ మీద పడేలా కిటికీని దాచారు. అప్పట్లో మంగళవార్త, ఇప్పుడైతే జననం ముందు; సిలువ వెనక. నడుస్తూ పోతే క్రీస్తు జీవితం మొదటి నుంచి చివరిదాకా మీ ముందు పరచుకుంటుంది. 19వ శతాబ్దంలో ఈ వెనక భాగాన్ని మార్చారు కాబట్టి అప్పటి ఏర్పాటు మొత్తం ఇప్పుడు కనిపించదు. చివరి గది తలుపు మూసి ఉండటం కూడా మామూలే. మూసి ఉంటే తట్టకండి. మరియమాత ఉపాలయం ముందు, నడవ మధ్యలో నిలబడితే లోతు ఎలా పేర్చారో అక్కడినుంచే తెలుస్తుంది. 1757 నాటి ఫాల్కొనే చెక్కడం, ఒలీవ తోటలో క్రీస్తు, గుడిలోనే ఉంది. దాన్నీ వెతికి చూడండి.

ఫొటో తీసేవాళ్లకు ఇక్కడ ఎప్పుడూ ఒకటే తప్పు జరుగుతుంది: కిరణాలు తెల్లగా మాడిపోయి, చుట్టూ గోడ నల్లగా వస్తుంది. ఫోనులో కిరణాల మీద వేలితో తాకి, వెలుగు గీతను కిందికి లాగండి. నీడలు తర్వాత సరిచేసుకోవచ్చు, మాడినచోటు తిరిగి రాదు. కెమెరా అయితే ఐఎస్‌ఓ 1600, షట్టర్ సెకనులో 60వ వంతు దగ్గర మొదలుపెట్టి, ఒక స్టాపు తక్కువ వెలుగుకు పెట్టండి. ట్రైపాడ్ అనుమతి లేకుండా తెరవద్దు, స్తంభానికి ఆనుకుని తీస్తే చాలు. ఇది ప్రార్థన గది కూడా. మూడు ఫొటోలు తీశాక కెమెరా లోపల పెట్టి కూర్చోండి.

ఆరో అడుగు: తిరుగు దారిలో సమాధులు

కుడి నడవలో వెనక్కి రావడంలో తొందర వద్దు గానీ ప్రతి పలకా చదవాల్సిన పనీ లేదు. నాలుగు పేర్లు వెతకండి, నడవకు ఏ వైపున ఉన్నా.

ఆంద్రే ల నోత్ర్: వెర్సాయ్ తోటలు వేసినవాడు, 1700లో పోయాడు. క్వాజ్‌వో చెక్కిన ఆయన అర్ధవిగ్రహం ఇక్కడుంది. బయటికి వెళ్లి ఐదు నిమిషాలు నడిస్తే ఆయన తీర్చిదిద్దిన త్విలరీ తోటలోనే ఉంటారు. రెండోది నాటకకర్త పియేర్ కోర్నెయ్. పక్కనే అర్జాంతయ్ వీధిలో ఉండి 1684లో చనిపోయాడు. మూడోది అబే ద లెపే, చెవిటి పిల్లలకు సైగల భాషలో చదువు చెప్పే బడి పెట్టిన గురువు. ఆయన స్మారకాన్ని 19వ శతాబ్దంలో ప్రేఓ చెక్కాడు. చెవిటివాళ్లు దూరదేశాల నుంచి కూడా వచ్చి దీని ముందు నిలబడతారు. ఆ సమయంలో మీరుంటే పక్కకు జరిగి చోటివ్వండి. నాలుగోది మోకరించి ఉన్న కార్డినల్ దుబ్వా పాలరాతి విగ్రహం, గియోం కూస్తూది. ముఖంలో భక్తి ఎంతో, చలువరాతి వస్త్రం మడతల్లో పనితనం అంత.

పేరున్న చోటల్లా అస్థికలు ఉన్నాయనుకోవద్దు. విప్లవకాలంలో సమాధులు చెదిరిపోయాయి, కొన్ని స్మారకాలు మూతపడ్డ వేరే గుళ్ల నుంచి ఇక్కడికి తెచ్చినవి. నాజీ శిబిరాలకు తరలించబడినవారి జ్ఞాపకంగా ఒక ఉపాలయం కూడా ఉంది. అక్కడ ఫొటోలు మానేయండి.

బయటికొచ్చే ముందు పునీత రోక్ బొమ్మను గుర్తుపట్టండి. గుడి ఆయన పేరిటే కదా. అంగీ పైకెత్తి తొడ మీది పుండు చూపిస్తుంటాడు, పక్కన నోట రొట్టె పట్టుకున్న కుక్క. మోంపెలియేలో పుట్టి, ప్లేగు రోగులకు సేవచేస్తూ తానే ఆ జబ్బు పడితే, అడవిలో ఒక కుక్క రోజూ రొట్టె తెచ్చిందని కథ. పండుగ ఆగస్టు 16న. కొవ్వొత్తి వెలిగించాలంటే పెట్టెమీద రాసిన ధర వేసి, వెలుగుతున్న దానితోనే అంటించుకోండి. అగ్గిపెట్టె తీయక్కర్లేదు.

నలభై నిమిషాలే ఉంటే

బయట మూడు నిమిషాలు, ఆఖరి వరస వెనక ఐదు, జ్ఞానస్నాన ఉపాలయంలో ఐదు, రెండు పెద్ద చిత్రాల దగ్గర ఏడు, మరియమాత ఉపాలయంలో పదిహేను, మిగిలింది తిరుగు నడకకు. సమాధులు వదిలేయండి. మరియమాత ఉపాలయం సమయాన్ని మాత్రం తగ్గించకండి.

బయటికొచ్చాక

గుడిలో మరుగుదొడ్డి ఉంటుందని లెక్కపెట్టుకోవద్దు, త్విలరీ తోటలో ఉన్నాయి. ఆకలేస్తే పిరమీద్ స్టేషన్ పక్కనున్న సాంత్-ఆన్ వీధికి వెళ్లండి. జపాను భోజనశాలలు వరసగా ఉంటాయి, వేడివేడి అన్నం దొరుకుతుంది. శాకాహారులు పులుసులో చేప ఉందేమో ముందే అడగాలి, చాలా జపాను పులుసులకు ఎండు చేపల రసమే ఆధారం.

కొనుగోళ్లు కూడా ఉంటే వాటిని గుడి తర్వాతకే పెట్టుకోండి. చేతుల్లో సంచులు లేనప్పుడే తల వెనక్కి వాల్చి గుమ్మటం చూడగలరు. ఫ్యాషన్ అంగళ్లకూ ఈ గుడికీ ఉన్న బంధం కూడా పాతదే. ఇది కళాకారుల విచారణగా పేరుపడింది, బట్టల రూపకర్త ఈవ్ సాన్-లొరాన్‌కు 2008 జూన్‌లో అంత్యక్రియల పూజ జరిగింది ఇక్కడే. సాయంత్రం మళ్లీ ఈ వీధినే దాటాల్సి వస్తే, పూజకు ముందు పది నిమిషాలు లోపలికి వచ్చి ఆఖరి వరస వెనకే నిలబడండి. ఉదయం కుడివైపు నుంచి పడ్డ వెలుగు ఇప్పుడు ఎడమ నుంచి పడుతుంది. పొద్దున నీడలో ఉన్న స్తంభాలు ముందుకొస్తాయి.